మంచం కింది బేరం

నా కుడికాలికి మోకాలి కింద నాలుగు ఉక్కు వలయాలు బిగించి ఉన్న రోజులవి. సన్నటి తీగలు చర్మంలోంచి ఎముకను దాటి అవతలికి వచ్చి ఆ వలయాలకు బిగుసుకుని ఉండేవి. వలయాలను కలుపుతూ నిలువు కడ్డీలు, కడ్డీల మీద నట్లు. రోజుకు నాలుగుసార్లు ఆ నట్లను పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోతే, ముక్కలైపోయిన చోట కొత్త ఎముక మెల్లగా పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఇంటికి పంపే రోజున మందుల చీటీతో పాటు ఒక పది నంబరు స్పానరు కూడా ఇచ్చాడు.

దాన్ని చూసి మా ఆవిడ ముఖం తిప్పుకుంది. మా మామగారు మాత్రం చెయ్యి చాచి తీసుకున్నారు. వెలుతురుకేసి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి స్పానరే. నేను తిప్పుత తియ్యి," అన్నారు.

పెళ్లయిన ఐదేళ్లలో ఆయన నా విషయంలో అన్న అతి పొడవైన మాట అదే.

ఆయన బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. శేరిలింగంపల్లిలో, పాత ఊరి వైపు వాళ్ల ఇల్లు. నేను కోస్తా నుంచి హైటెక్ సిటీలో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆ ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాణ్ణి. రెండేళ్లు ఉండి, ఖాళీ చేసేటప్పుడు వాళ్ల అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని అడిగాను. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. అత్తగారు అప్పటికే లేరు. పెళ్లి జరిగింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా "వచ్చినవా", "తిన్నవా" అనే రెండు ముక్కలే. కిరాయికి వచ్చినవాడు ఇంట్లో మనిషిని పట్టుకుపోయాడని ఆయన మనసులో ఉందని నేను అనుకునేవాణ్ణి. మెల్లగా నాకూ అదే అలవాటైపోయింది.

వర్షాకాలంలో ఒక ఉదయం, ఆఫీసుకు వెళుతుంటే ఫ్లైఓవర్ దిగే చోట నా బైకు జారింది. వెనక వస్తున్న వ్యాను ఆగే లోపే కాలి మీదుగా వెళ్లింది. కాలితో పాటు తుంటి దగ్గర కూడా ఎముక చిట్లింది. ఆ చిట్లు అతుక్కునే వరకు నిలబడకూడదు, మంచం దిగకూడదు అన్నారు. ఎన్నాళ్లు అంటే, "చూద్దాం," అన్నారు. మా ఆవిడ మియాపూర్‌లో ఒక స్కూల్లో టీచరు. ఆమె ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అందుకని పొద్దున్నే ఏడున్నరకు మామగారు మా ఫ్లాటుకు వచ్చేవారు, ఆమె స్కూలుకు వెళ్లేది. సాయంత్రం నాలుగున్నర వరకు ఆ ఇంట్లో మేమిద్దరమే. కొన్నాళ్లకు ఆ తిరుగుడెందుకని హాల్లోనే చాప వేసుకుని ఉండిపోయారు.

హఫీజ్‌పేట్‌లో మాది నాలుగో అంతస్తు. పడగ్గది కిటికీలోంచి కనిపించేది పక్క అపార్ట్‌మెంటు గోడ, దాని మీద దిగే మూడు డ్రైనేజీ పైపులు. ఆ పైపుల్లో ఏ వేళకు ఏ ఫ్లాటు నీళ్లు దిగుతాయో పది రోజుల్లో నాకు తెలిసిపోయింది. స్టేషన్లో రైలు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినబడేవి. రైలు మాత్రం కనబడేది కాదు. పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావాలి. మూత్రం సీసాలో. తలస్నానం మంచం అంచున బకెట్ పెట్టి. ఈ పనులన్నీ నాతో రెండు ముక్కలకు మించి మాట్లాడని ఒక పెద్దమనిషి చేస్తున్నారు. సీసా చేతికిచ్చేటప్పుడు ఆయన గోడకేసి చూసేవారు, నేను ఫ్యానుకేసి చూసేవాణ్ణి.

ఆయన కూడా అక్కడ ఇరుక్కుపోయారని అప్పట్లో నాకు తట్టలేదు. నా ధ్యాసంతా నా మీదే.

బైకు తుక్కయిందని తేల్చి ఇన్సూరెన్సు వాళ్లు కొంత డబ్బు నా ఖాతాలో వేశారు. ఆ మెసేజి చూసిన క్షణంలోనే నాకొక ఆలోచన వచ్చింది. ఒక గేమింగ్ కంప్యూటర్ కొనాలి. కాలేజీ రోజుల్లో ఆటలంటే పిచ్చి. ఉద్యోగం వచ్చాక ఎప్పుడూ కుదరలేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఆఫీసు పని తప్ప ఏమీ నడవదు. ఫోను చూసీ చూసీ మెడ పట్టేసింది. ఈ గదిలోంచి బయటికి పోవడానికి నాకు మిగిలిన దారి అదొక్కటేనని గట్టిగా అనిపించింది.

మా ఆవిడకు చెప్పాను.

"ఆ పైసలతోని మళ్ల బండి కొనవు గద?"

"కొనను."

"అయితే కంప్యూటరే కొనుక్కో," అంది.

ఇక లిస్టు మొదలైంది. తయారుగా దొరికే కంప్యూటర్ కొంటే డబ్బు దండగని, విడిభాగాలు ఏరి కూర్చుకుంటేనే పెట్టిన రూపాయికి తగ్గ ఫలితం ఉంటుందని నాకు తెలుసు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, బొమ్మలను గీసి చూపించే గ్రాఫిక్స్ కార్డు, కరెంటు అందించే పవర్ సప్లయ్, వీటన్నిటినీ బిగించే క్యాబినెట్. ఒక్కొక్కదానికి పది రకాలు. ఒక్కో రకానికి వంద అభిప్రాయాలు. పొద్దున లేస్తే వీడియోలు, మధ్యాహ్నం ధరలు. కార్డు ఒక మెట్టు పెంచితే ప్రాసెసర్ తగ్గించాలి. ప్రాసెసర్ తగ్గిస్తే ఇంత పెద్ద కార్డు ఎందుకని ఎవరో ఒకరు వీడియోలో నవ్వుతారు. అన్నీ కుదిరి, ఇక కొందామనుకునే రోజున ర్యామ్ ధర పెరిగిపోయేది. ఆ సంవత్సరం ర్యామ్ ధర వారం వారం ఎక్కుతూనే ఉంది. మళ్లీ మొదటికి. మూడు వారాల్లో నోటుపుస్తకం సగం నిండింది. గదిలోంచి పారిపోవడానికని మొదలుపెట్టిన లిస్టు ఇంకో గదిలా తయారైంది. అందులోనూ నేను ఒత్తిగిలలేక పడి ఉన్నాను.

ఒక మధ్యాహ్నం నట్లు తిప్పుతూ మామగారు తలెత్తకుండానే అడిగారు.

"గింతగనం ఏం రాస్తున్నవ్ అల్లుడా, రోజూ?"

చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక బస్సుతో పోల్చి చెప్పాను. ప్రాసెసర్ ఇంజను లాంటిది. మదర్‌బోర్డు ఛాసిస్. ఆటలకు మాత్రం గ్రాఫిక్స్ కార్డే రెండో ఇంజను, అసలు బలమంతా దానిదే. అందుకే సగం డబ్బు దానికే పెడుతున్నాను అన్నాను.

ఆయన నోటుపుస్తకం తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చూశారు.

"కరెంటిచ్చే డబ్బా ఏది ఇండ్ల?"

చూపించాను. లిస్టులో అన్నిటికంటే తక్కువ ధర దానిదే. ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా అని అక్కడ తగ్గించాను.

"అన్నిటికీ ఇదే ఇయ్యాలె కరెంటు?"

"అవునండి."

"మరి గిదే హల్కది పెట్టినవేంది?"

"అది కనపడదు కదా మామయ్యగారూ. లోపలెక్కడో ఉంటుంది."

ఆయన పుస్తకం మంచం మీద పెట్టేశారు. స్పానరు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. కానీ ఆ రోజు మేం మాట్లాడుకున్నది బహుశా ఆ ఐదేళ్లలో మాట్లాడుకున్నదంతా కలిపినంత ఉంటుంది.

ఆన్‌లైన్లో కొంటే ఏదైనా చెడిపోయినప్పుడు తిప్పి పంపడం, మార్పించడం మంచంలోంచి అయ్యే పని కాదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకే చోట ఉండే పాత కాంప్లెక్సులో ఒక దుకాణాయనతో ఫోన్లో మాట్లాడాను. అన్నీ కలిపి తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. మా ఆవిడకు స్కూల్లో పరీక్షల పని.

"నేను పోత తియ్యి," అన్నారు మామగారు.

వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. లిస్టు చక్కగా రాసిచ్చాను. వీడియో కాల్ చేయమన్నాను, ప్రతి డబ్బా నాకు చూపించాకే డబ్బు ఇవ్వమన్నాను. ఆయన అన్నిటికీ తల ఊపారు. సీసా, నీళ్లు, అన్నం గిన్నె నా చేతికందేలా స్టూలు మీద సర్ది, తలుపుకు బయటనుంచి తాళం వేసుకుని వెళ్లారు. ఆ తాళం చప్పుడు విన్నాక నేను చాలాసేపు కదలకుండా పడుకున్నాను. నిప్పంటుకుంటే ఏం చేస్తాను అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని పక్కకు నెట్టడానికి ఆ గోడ మీది పైపులు లెక్కపెట్టాను. మూడే.

పదకొండున్నరకు ఫోను మోగింది. తెరమీద ముందు మామగారి చెవి కనబడింది, తర్వాత దుకాణం కప్పు, తర్వాత దుకాణాయన చొక్కా.

"కనిపిస్తున్ననా అల్లుడా?"

"కనిపిస్తున్నారండి. ఫోను ఆయన వైపు తిప్పండి."

ప్రాసెసర్ డబ్బా చూపించారు. సరే అన్నాను. మదర్‌బోర్డు చూపించారు. నంబరు చదవలేకపోయాను. ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకోబోయాను. చెమట చెయ్యి. ఫోను జారి గుండె మీద పడింది, అక్కణ్ణుంచి దుప్పటి మడత మీదుగా మంచం అంచు దాటింది. నేలకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత పాలరాతి మీద జర్రున జారుకుంటూ మంచం కిందికి పోయిన చప్పుడు.

కాల్ మాత్రం తెగలేదు.

"అల్లుడా? గిదేంది, అంత నల్లగైంది," అన్నారు మామగారు, మంచం కిందనుంచి.

"మామయ్యగారూ! ఫోను పడిపోయింది!"

"ఏమో అంటున్నడు. ఏం సమజైతలేదు."

"సిగ్నల్ అంకుల్, ఇక్కడ గట్లనే ఉంటది," అంది దుకాణాయన గొంతు. "లిస్టు ఉన్నది గద. ఫికరెందుకు? నేను తీసి పెడతా."

చెయ్యి కిందికి చాచాను. వేళ్లు నేలకు జానెడు దూరంలో ఆగిపోయాయి. ఇంకాస్త వంగితే తుంటిలో కత్తి దింపినట్టయింది. మళ్లీ వెల్లకిలా పడి అరిచాను. నా గొంతు దుకాణంలో ఎలా వినబడిందో తెలియదు. "బస్సుల రేడియో గురగుర అన్నట్టున్నది," అని మామగారు అనడం వినిపించింది.

ఆ తర్వాత అరగంట నేను నా కంప్యూటర్ బేరమంతా మంచం కిందనుంచి విన్నాను.

"అంకుల్, క్యాబినెట్ గిది సూడుండ్రి. మూడు దిక్కుల అద్దం, లోపల రంగు రంగుల లైట్లు."

"లైట్లెందుకయ్యా, పెండ్లా? గాలి పోవాలె లోపలికి. గీ జాలీది ఎంత?"

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత పవర్ సప్లయ్ వంతు వచ్చింది.

"గీ డబ్బకు ఎన్నేండ్ల గ్యారంటీ?"

"మూడేండ్లు అంకుల్."

"దానికి?"

"దానికి పదేండ్లు. కానీ అది కాస్ట్లీ. మీ లిస్టుల లేదు."

"ఒక్కటే పని చేసేటి రెండు డబ్బలు. ఒకదానికి మూడేండ్లు, ఒకదానికి పదేండ్లు. ఎందుకట్ల?"

దుకాణాయన ఏదో చెప్పాడు. పక్కన ఎవరో టేపు చించుతున్న చప్పుడులో అది నాకు వినబడలేదు.

"అంటే ఆ మూడేండ్లదాని మీద నీకే నమ్మకం లేదు," అన్నారు మామగారు. "పదేండ్లది తియ్యి."

"మామయ్యగారూ, వద్దండి! డబ్బు చాలదు!" అని అరిచాను. డబ్బు ఎక్కణ్ణుంచి తగ్గిస్తారో నాకు అప్పటికే భయం పట్టుకుంది. ఆ భయమే నిజమైంది. డబ్బా ఏదో తెరిచిన చప్పుడు, ఆ తర్వాత ఆయన గొంతు.

"గీ కార్డు వద్దు. దీనికంటె చిన్నది ఇయ్యి."

మూడు వారాలు రాసిన లిస్టులో నేను ఒక్కసారి కూడా మార్చనిది ఆ కార్డు ఒక్కటే. మంచం పట్టీని పిడికిలితో కొట్టాను. వలయాలు కదిలి కాలంతా నొప్పి ఎగబాకింది. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ ఉండగానే కాల్ తెగిపోయింది. ఆ తర్వాత మంచం కిందనుంచి ఏ చప్పుడూ లేదు. తాళం తీసిన చప్పుడు కోసం నాలుగు గంటలకు పైగా ఎదురుచూశాను.

ఆయన ఆటోలో డబ్బాలన్నీ వేసుకుని వచ్చి, రెండు విడతలుగా లిఫ్టులో పైకి తెచ్చారు. వెనకాలే మా ఆవిడ కూడా స్కూలు నుంచి వచ్చింది. చొక్కా వీపంతా తడిసి ఉంది ఆయనకు. మంచం కాళ్ల వైపు డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వంగి ఫోను తీసి నా చేతికిచ్చారు.

"కార్డు ఎవరు మార్చమన్నారండి?" అన్నాను.

ఆయన డబ్బాల దొంతర సరిచేశారు.

"మీకు బస్సులు తెలుసు. ఇవి తెలియవు. తెలియనప్పుడు రాసిచ్చింది తేవాలి. అంతే కదా?" గొంతు నా చేతిలో లేదు. "ఐదేళ్లు నాతో మాట్లాడలేదు మీరు. నేను చేసిందేదీ మీకు నచ్చలేదు. సరే. కనీసం ఇదొక్కటి నా ఇష్టానికి వదిలేయొచ్చు కదా. నేను కదల్లేననేగా ఇలా చేశారు?"

"ఏం మాటలవి?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

మామగారు జేబులోంచి బిల్లు, మిగిలిన డబ్బు తీసి స్టూలు మీద పెట్టారు. నట్లు తిప్పే వేళయింది. స్పానరు తీసుకుని, నాలుగు నట్లూ ఎప్పటిలాగే పావు చుట్టు చొప్పున తిప్పారు. తిప్పి, స్పానరు గుడ్డతో తుడిచి, బయటికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున, ఇంటికాడ పనుందని మా ఆవిడకు చెప్పి శేరిలింగంపల్లి వెళ్లారు.

ఆ తర్వాత మూడు రోజులు నేను ఒంటరిగా ఉన్నాను. మా ఆవిడ నాకు కావలసినవన్నీ అమర్చి పెట్టేది. నాతో మాత్రం మాట్లాడలేదు. తాళం వేసే ముందు ఒక్కసారి ఆగి, "ఆయనకు మోకాళ్ల నొప్పులు. నీకు తెల్వదు, నువ్వడగలే," అని వెళ్లిపోయింది.

మూడు నట్లు నేనే తిప్పుకోగలిగాను. పిక్క వెనకున్న నాలుగోది అందలేదు. దాన్ని ఉదయం, సాయంత్రం మా ఆవిడ తిప్పేది, కళ్లు సగం మూసుకుని. ఆమె లేని వేళ అది అలాగే ఉండిపోయేది. డబ్బాలన్నీ నా కాళ్లకు అవతల ఉన్నాయి. కనబడతాయి, అందవు. చేసే పనేమీ లేక బిల్లు తీసి చదివాను. లిస్టులో నేను రాసిన పవర్ సప్లయ్ గురించి వెతికాను. అంతకు ముందు ధర చూశానే తప్ప దాన్ని కొన్నవాళ్లు రాసినవి ఒక్కటీ చదవలేదు. ఏడాదిన్నరకే ఆగిపోయిందని ఒకరు, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయిందని ఒకరు.

తర్వాత కార్డు సంగతి ఆలోచించాను. నాకు అంతకంటే సిగ్గనిపించిన విషయం అది. నా దగ్గరున్న మానిటర్ పాతది. సెకనుకు అరవై బొమ్మలకు మించి చూపలేదు. ఆయన తెచ్చిన కార్డు ఆ అరవైనీ అందుకుంటుంది. నేను కోరుకున్న కార్డు ఇంకా ఎక్కువ గీసినా ఆ తెర మీద కనబడదు. ఈ సంగతి నాకు మొదటివారంలోనే తెలుసు. నోటుపుస్తకంలో ఒక మూల రాసుకున్నాను కూడా. ఆ పేజీ మళ్లీ తిప్పలేదు. నాకు కావలసింది లెక్కకు సరిపోయే కార్డు కాదు. నా మాట నెగ్గిన కార్డు. ఆ రోజుల్లో నా మాట నెగ్గే చోటు ఇంకెక్కడా లేదు మరి.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఎత్తగానే ఆయన అడిగింది ఒక్కటే.

"ఎనకాల నట్టు ఎవరు తిప్పుతున్నరు?"

"మీ అమ్మాయి. రెండుసార్లే కుదురుతోందండి."

"గట్ల ఇడిస్తే ఎట్ల? వంకర పెరుగుతది ఎముక."

"మామయ్యగారూ, ఆ రోజు నేను..."

"వస్తున్న," అని పెట్టేశారు.

గంటలో వచ్చారు. ముందు నట్లన్నీ చూశారు. తర్వాత మంచం పక్కన నేలమీద పాత దుప్పటి పరిచారు. డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి దాని మీద పెట్టారు. కూర్చోబోతూ మోకాలి మీద చెయ్యి ఆనించడం నేను మొదటిసారి చూశాను.

"చెప్పు. మొదట ఏది?"

నేను మంచం అంచుకు తల ఆనించి, ఫోన్ టార్చి పట్టుకుని చెప్పాను. ఆయన చేశారు. స్క్రూ మరలన్నీ స్టీలు పళ్లెంలో, సైజుల వారీగా. ప్రాసెసర్‌ను దాని గూట్లో పెట్టేటప్పుడు నొక్కవద్దని చెప్పబోయాను. అప్పటికే ఆయన దాన్ని రెండు వేళ్లతో వదిలేశారు, అది తనంతట తానే కూర్చుంది. ప్రాసెసర్ మీద రాసే పేస్టు చూసి, "గ్రీజా? శెనగగింజంత చాలు," అన్నారు. నేనూ అదే చెప్పబోయాను.

గ్రాఫిక్స్ కార్డు బిగించేటప్పుడు అడిగాను. "అది ఎందుకు వద్దన్నారండి, పెద్దది?"

"వాడి తాన ఒక్కటే ఉండె. డబ్బ ఇప్పి చూపియ్ అన్న. మరల మీద గీతలున్నయ్. ఎవడో ఇప్పిండు దాన్ని, మళ్ల బిగిచ్చిండు. కొత్తదంటున్నడు వాడు. నేను ముప్పై ఏండ్లు మరలే చూసిన."

"ఆ రోజే చెప్పొచ్చు కదా."

"నువ్వు చెప్పనిచ్చినవా?" అన్నారు. అని, ఇంకో మర చేతిలోకి తీసుకుని, "చెప్పాల్సింది. మాటలు రావు నాకు. పొద్దుగాల పోయి బస్సు కింద గుంతల దిగితే మళ్ల పొద్దూకినంక ఎక్కుడు. తలకాయ పైకెత్తితే ఇంజన్. ఎవరితోని మాట్లాడాలె? అట్లనే అయింది ఇగ. నువ్వు పైగదిల ఉన్నప్పుడు గూడ, మంచి పిలగాడే, మాట్లాడదామనుకునేటోన్ని. ఏం మాట్లాడాల్నో తెల్వకపోయేది," అన్నారు.

నేను టార్చి వెలుగు ఆయన చేతుల దగ్గరికి జరిపాను. ఆయన మర బిగిస్తూనే ఉన్నారు.

అన్నీ బిగించి, మానిటర్ తగిలించి, స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏదో పోయింది, ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు, అదీ కాకపోతే మదర్‌బోర్డే పోయింది అనుకున్నాను.

"తీసేయండి మామయ్యగారూ, ప్లగ్గు తీసేయండి."

"జర ఆగు. తిరుగుతనే ఉన్నది గద."

"తెర రావట్లేదు కదండీ!"

"చల్ల బండి, లేటుగ అందుకుంటది. ఆగు," అని, ప్లగ్గు వైపు చాచిన నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంకో రెండు నిమిషాలకు తెర వెలిగింది. కొత్త ర్యామ్ వేసినప్పుడు మొదటిసారి మదర్‌బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి అంత సేపు తీసుకుంటుందట. నేను చూసిన వందల వీడియోల్లో ఎక్కడో చెప్పే ఉంటారు. ఆ క్షణంలో గుర్తురాలేదు.

ఆ కంప్యూటర్ నన్ను ఆ గదిలోంచి బయటపడేసిందని రాస్తే బాగుంటుంది, కానీ అది నిజం కాదు. మంచం మీద అడ్డంగా బల్ల వేసుకుని ఆడేవాణ్ణి. ఆటలో ఊళ్లు దాటేవాణ్ణి, కొండలెక్కేవాణ్ణి. గంట తర్వాత నడుము లాగి కళ్లు తిప్పితే మళ్లీ అదే గోడ. కొన్ని రోజులు ఆట ముట్టుకోబుద్ధి కూడా అయ్యేది కాదు. కాకపోతే పగలు మామగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. లారీ నడిపే ఆట ఒకటుండేది. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి ఉంచుతున్నానని తిట్టేవారు. "గేరు తగ్గియ్, బ్రేకు లైనర్లు కాలిపోతయ్," అనేవారు. ఆటలో లైనర్లు కాలవని చెప్పినా వినేవారు కాదు. ఒకరోజు స్టీరింగు తిప్పే బాణం మీటలు తనకివ్వమని, రెండు నిమిషాల్లో లారీని కాలవలోకి దించి, కీబోర్డు నా వైపు తోసి, "నేను మెకానిక్కును, డ్రైవర్ను కాదు," అన్నారు. ఇద్దరం నవ్వాం. నా తుంటి నొప్పి పెట్టేంత నవ్వాను.

తుంటి అతుక్కుందని డాక్టరు చెప్పాక, వాకర్ పట్టుకుని నడవచ్చన్నాడు. వలయాలు ఇంకా చాలాకాలం ఉంటాయి, వాటితోనే నడవాలి. మొదట గదిలో, తర్వాత హాల్లో. చివరికి ఒక ఆదివారం పొద్దున లిఫ్టులో కిందికి దిగాను. మామగారు ఒక పక్క, మా ఆవిడ ఒక పక్క. నెలల తరబడి ఆ క్షణం గురించే కలలు కన్నాను.

గేటు దాకా వెళ్లేసరికి రోడ్డు మీద ఒక బైకు హారన్ కొడుతూ దూసుకుపోయింది. నా చేతులు వాకర్ మీద బిగుసుకుపోయాయి. అడుగు పడలేదు. ఎండ, హారన్లు, మనుషులు, అన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నట్టు ఉంది. పైకి పోవాలి, తలుపేసుకోవాలి, మంచం ఎక్కి ఆట పెట్టుకోవాలి అనిపించింది. ఆ గదిని అంతగా కోరుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

"పైకి వెళ్లిపోదామండి," అన్నాను.

మా ఆవిడ ఏదో అనబోయింది. మామగారు చేత్తో ఆపారు. వాచ్‌మన్ కుర్చీ తెచ్చి గేటు పక్కన నీడలో వేశారు. నన్ను కూర్చోబెట్టి, పక్కనే మెట్టు మీద తనూ కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరం రోడ్డును చూశాం. బళ్లు పోతూనే ఉన్నాయి. నా చేతుల బిగువు కొంచెం సడలిందని ఆయన ఎలా కనిపెట్టారో తెలియదు.

"గా మూల మీద చాయ్ బండి ఉన్నది," అన్నారు. "గాడి దాకా పోదామా? పోలేనంటే ఈడికే తెస్త."

ఎదురుగా పది అడుగులు ఉంటుంది. నేను లెక్కపెట్టాను. వాకర్ ముందుకు జరిపాను.